పదమూడు – సున్నా

సెప్టెంబర్ 9, సోమవారం

ఈ పుస్తకం మా అమ్మాయి మార్నీ కొనిచ్చింది. "రోజూ నాలుగు ముక్కలు రాసుకో అమ్మా, మనసు తేలికవుతుంది" అంది. నా మనసు బరువుగా ఉందని దానికెవరు చెప్పారో! బరువుగా ఉన్నది నా సూట్‌కేసు. దాన్నీ నన్ను మొయ్యనివ్వలేదు. ఫ్రాన్సులో దిగగానే, లియాన్ స్టేషన్‌లో నా చేతిలోంచి లాక్కుని మా అల్లుడు టాడ్‌కి తగిలించింది. అప్పటికే రెండు చేతులా పెట్టెలు, మెడలో నా మనవరాలు టెస్ బడిసంచీ. పాపం, కిక్కురుమనకుండా పుచ్చుకున్నాడు.

మా ఆయన హార్లన్ పోయినప్పటి నుంచి దీనికి నేను గాజుబొమ్మనైపోయాను. స్టూలెక్కకూడదు. కారు నడపకూడదు. వేడి గిన్నె దించకూడదు. నెబ్రాస్కా మంచులో ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపినదాన్ని నేను! ఒక్క పిల్లని కూడా గుంటలో పడెయ్యలేదు. (ఒకసారి బస్సుని పడేశాను. అప్పుడు పిల్లలు లేరు.)

టాడ్‌కి ఇక్కడ మందుల కంపెనీలో ఏడాది పని. వచ్చే జూలైలో అందరం ఒమాహా వెళ్ళిపోతాం. అక్కడ వాళ్ళింటి కింది గది నాకోసం బాగుచేయించడానికి మార్నీ అప్పుడే మనిషిని మాట్లాడేసింది. గోడలకి లేత పసుపు రంగట. నాకు పసుపంటే పడదు. చెప్పలేదు. దాని సంతోషం దానిది.

సెప్టెంబర్ 11, బుధవారం

నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పి పుడుతున్నాయి.

బుధవారం మధ్యాహ్నం ఇక్కడ బడుండదు. టెస్‌ని తీసుకుని క్రువారూస్ గుట్ట మీద తిరుగుతుంటే చెట్ల కింద ఇనప గుండ్లు విసురుతూ ఓ ముసలి మూక కనపడింది. చిన్న చెక్క ఉండని దూరంగా పడేసి, దాని దగ్గరికి ఎవరి గుండు పోతుందో చూసుకోవడం. అది కాదు సంగతి. ఆట అయిపోగానే ఎవరో గంట కొట్టారు. క్లబ్బు గోడకి ఉన్న చిన్న అల్మారా తలుపులు తెరిచారు. లోపల ఒక రంగుల బొమ్మ. ఒకమ్మాయి అటు తిరిగి నిలబడి గౌను పైకెత్తింది. లోపల ఏమీ వేసుకోలేదు.

"అమ్మమ్మా, అవి పిర్రలు!" అని టెస్ అరిచింది.

ఓడిపోయిన పెద్దమనిషి, తెల్ల మీసాలాయన, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బొమ్మకి ఎక్కడ పెట్టాలో అక్కడే చప్పుడయ్యేలా ముద్దు పెట్టాడు. చుట్టూ చప్పట్లు. తర్వాత అందరికీ తలో గ్లాసు వైను.

ఇదంతా ఎందుకని టెస్ వెళ్ళి అడిగొచ్చింది. ఒమాహాలో ఫ్రెంచి బళ్ళో చదివింది కనుక దానికి బెరుకు లేదు. ఆ అమ్మాయి పేరు ఫానీ. పదమూడు పాయింట్లకి ఆట. ఒక్క పాయింటు కూడా లేకుండా పదమూడు–సున్నాతో ఓడినవాళ్ళు ఫానీకి ముద్దు పెట్టాల్సిందే. మేయరైనా, పాస్టరైనా సరే.

మా జిల్లాలో ఇలాంటిది పెడితే చర్చి మూసేసుకోవాలి.

సెప్టెంబర్ 12

ఫానీ సంగతి అమ్మకి చెప్పొద్దని టెస్‌తో ఒట్టు వేయించుకున్నాను. భోజనాల దగ్గర కూర్చోగానే చెప్పేసింది. నటించి కూడా చూపించింది.

సెప్టెంబర్ 18, బుధవారం

టెస్ మళ్ళీ వెళ్దామని గొడవ చేసింది. (చెయ్యలేదు. నేనే అడిగాను.)

నీలం స్వెట్టరు వేసుకున్న ఒకాయన, మోచేతుల దగ్గర వేరే రంగు ఉన్నితో రఫ్ఫు చేసుంది, నన్ను తేరిపార చూసి టెస్‌తో ఏదో అన్నాడు.

"అమ్మమ్మా, నువ్వెందుకు అంత నవ్వుతున్నావని అడుగుతున్నాడు. ఏమైనా గెలిచావా అని."

"ఇంకా లేదని చెప్పు."

చెప్పింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఒక గుండు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మంచి బరువు. మా ఊరి సంతలో గుర్రపునాడాలు విసిరే పోటీలో ఆరేళ్ళు వరసగా కప్పు తెచ్చుకున్నదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెయ్యి ఊపి వదిలాను. పోయి చెక్క ఉండని ఆనుకుని కూర్చుంది.

అందరూ వంగి చూశారు. ఆయన "గాలివాటం" అన్నాడని టెస్ చెప్పింది.

ఇంకోటి విసిరాను.

"ఇప్పుడేమంటున్నాడే?"

"అనకూడని మాట అన్నాడు అమ్మమ్మా. నాకు తెలుసుగానీ చెప్పను."

ఆయన పేరు లూసియెన్ మొరాన్. ఈ ఊళ్ళో ట్రాలీబస్సు నడిపేవాడట. నేనూ డ్రైవర్నే అని చెప్పమన్నాను. అప్పుడు మాత్రం నవ్వాడు. ముందరి పళ్ళ మధ్య సందుంది.

అక్టోబర్ 2, బుధవారం

13–4. ఓడిపోయాను.

అక్టోబర్ 9, బుధవారం

13–6. "మీది చెయ్యా, గడ్డపారా?" అన్నాడు లూసియెన్. ఫ్రెంచి నాకే అర్థమైంది, టెస్ అక్కర్లేకుండా. హార్లన్ పోయాక నాతో ఎవరూ ఇలా మాట్లాడలేదు. అందరూ మెల్లిగా, తల పక్కకి వంచి, "ఎలా ఉన్నావు ఆర్డిస్?" అంటారు, జ్వరం చూస్తున్నట్టు. ఈయన తప్పు విసిరితే తప్పంటాడు. బాగా విసిరితే మూతి ముడుచుకుంటాడు. ఎంత బాగుందో చెప్పలేను.

నేను వెళ్ళేది టెస్ కోసమే. పిల్లకి గాలి తగలాలి.

అక్టోబర్ 14

లిప్‌స్టిక్ కొన్నాను. ఈ ఊరి గాలికి పెదాలు పగులుతున్నాయి, అందుకని. ఎర్రది తప్ప వేరే రంగు లేదు. (ఉన్నాయి.)

నవంబర్ 28, గురువారం

ఇవాళ మా అమెరికా వాళ్ళ థాంక్స్‌గివింగ్ పండగ. టర్కీ కోడి మా ఓవెన్‌లో పట్టలేదు. ఎందుకు పట్టదో చూద్దామని టాడ్ తల లోపల పెట్టాడు. టాడ్ తల కూడా పట్టలేదు. ముక్కలు కోసి వండాం. పక్కింటి వాళ్ళు ఎవరి పెళ్ళని అడిగారు.

డిసెంబర్ 8, ఆదివారం

ఇవాళ ఇక్కడ దీపాల పండగ, ఊరంతా కిటికీల్లో దీపాలు. మేమూ గాజుకప్పుల్లో పెట్టాం. కిందికి దిగేసరికి వీధి మలుపులో లూసియెన్ ఉన్నాడు, తలకి నూనె రాసుకుని, శుభ్రమైన కోటేసుకుని. అనుకోకుండా కలిశాడు. మా ఇల్లెక్కడో ఆయనకి తెలియదు. (పోయిన వారం నేనే చెప్పాను. వేలు పెట్టి కిటికీ కూడా చూపించాను.)

మార్నీ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఎవరమ్మా ఆయన?"

"టెస్ స్నేహితుడు."

"టెస్‌కి ఎనిమిదేళ్ళు."

"అందుకేగా నేను తోడు వెళ్తున్నది!"

మెట్ల దగ్గర మార్నీ యథాప్రకారం నా మోచెయ్యి పట్టుకోవడానికి వచ్చింది. లూసియెన్ మాత్రం నా ముందు చకచకా దిగిపోయి కింద నిలబడి, "ఏం, రేపటికి దిగుతారా?" అని అరిచాడు. దిగాను. పరుగులాంటి నడకతో దిగాను. వేడి వైను తాగాను, రెండు. పాట కూడా పాడానట. నాకు గుర్తులేదు. టెస్‌కి గుర్తుంది, పడుకునేదాకా పాడి వినిపించింది.

జనవరి 22, బుధవారం

వాన. ఆట లేదు. బుధవారానికి అర్థమే లేకుండా పోయింది.

ఫిబ్రవరి 5, బుధవారం

13–11. నేనే గెలిచాను! లూసియెన్ తన టోపీ నేలకేసి కొట్టి, తీసి, దులిపి, నా తలమీద పెట్టాడు. క్లబ్బు పెద్ద మదామ్ ఒదెత్ వైను పోస్తూ, "ఇదిగో అమెరికా, ఈయన్ని ఓడించిన మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో" అంది. ఒదెత్‌కి క్లబ్బు పక్కనే ఇల్లు. గొంతెత్తితే గుట్ట కింద నది అవతలికి వినపడుతుంది.

టోపీ ఇచ్చేశాను. ఇంట్లో ఇంకా దాని వాసనే ఉంది, పొగాకూ, సబ్బూ. నాకు పొగాకు వాసన గిట్టదు.

మార్చి 12, బుధవారం

ఇవాళ్టి సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. తిన్నగా రాస్తాను.

ఏం పూనిందో గానీ ఇవాళ నా గుండు ఒక్కటీ పక్కకి పోలేదు. లూసియెన్ చెయ్యి వణుకుతోంది. ఐదు–సున్నా. తొమ్మిది–సున్నా. జనం పోగయ్యారు. పన్నెండు–సున్నా. ఎవరో వెళ్ళి గంట తాడు సవరించారు. టెస్ ఎగురుతోంది, "ఫానీ! ఫానీ!" అని.

లూసియెన్ వంక చూశాను. గుండుని గుడ్డతో తుడుస్తున్నాడు. మళ్ళీ తుడుస్తున్నాడు. పాంటు మోకాళ్ళు దులుపుకున్నాడు. నా గుండె తరుక్కుపోయింది. ఇంతమంది ముందు, ఈ వయసులో, ఆ బొమ్మ ముందు! మా జిల్లాలో ఎదుటివాణ్ణి సున్నాతో ఇంటికి పంపరు. మా నాన్న నేర్పాడు, మా పాస్టరు నేర్పాడు. పొరుగువాడు ఒక్కటీ గెలవలేదంటే చివర్లో ఒక నాడా కొంచెం పక్కకి వేస్తాం. ఎవరూ ఏమీ అనరు. అది మర్యాద.

పక్కకి వేశాను. ఎడమకి. జెరేనియం పూలకుండీ దాకా పోయింది.

లూసియెన్‌కి ఒక పాయింటు. తర్వాత నేను పదమూడో పాయింటు తీసుకున్నాను. పదమూడు–ఒకటి. చెవుల దాకా నవ్వుతూ ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మదామ్, మీ గుండు ఎడమకి పోయింది" అన్నాడు.

"చెయ్యి జారింది."

"మీ చెయ్యి జారదు."

ఒక్కొక్క గుండూ సంచీలో పెట్టుకున్నాడు. గ్లాసు ముట్టుకోలేదు. వెళ్ళిపోయాడు. ఒదెత్ గ్లాసులన్నీ తీసి లోపల పెట్టేసింది, అందరూ తాగకముందే.

మార్చి 13

మొండి మనిషి. ఒక మంచి పని చేస్తే ఇదా ఫలితం!

మార్చి 19, బుధవారం

రాలేదు.

మార్చి 26, బుధవారం

రాలేదు. నాకేమీ కాదు. లూసియెన్ గురించి ఇంక ఈ పుస్తకంలో రాయను.

మార్చి 27

మార్కెట్లో కనపడ్డాడు. ఉల్లిపాయలు ఏరుతున్నాడు. నన్ను చూసి ఉల్లిపాయ తీసినంత శ్రద్ధగా దాన్ని మళ్ళీ బుట్టలో పెట్టి వెళ్ళిపోయాడు. అదే నీలం స్వెట్టరు. ఎడమ మోచెయ్యి దగ్గర దారం ఊడింది. ఎవరూ చెప్పరా ఆయనకి?

ఏప్రిల్ 9, బుధవారం

ఒదెత్ నన్ను తన వంటింట్లోకి లాక్కుపోయి కాఫీ ముందు కూర్చోబెట్టింది. టెస్‌కి చాక్లెట్ ఇచ్చి వరండాలోకి తోలేసింది. ఇప్పుడు నాకు మాటలు చాలావరకు తెలుస్తున్నాయి. తెలియకపోయినా ఒదెత్ చేతులతో చెబుతుంది.

"నువ్వు చేసిన పనేంటో నీకు తెలుసా, అమెరికా?"

"జాలిపడ్డాను. తప్పా?"

"పోయినేడు వసంతంలో ఆయన గుండె కోసి కుట్టారు. అప్పట్నుంచి ఇక్కడ ఒక్కడూ ఆయనతో సరిగ్గా ఆడడు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి ఎండ కళ్ళల్లో పడుతుంది. అందరూ వదిలేస్తారు. నేనూ వదిలేశాను. ఆయనకి తెలీదనుకున్నావా? అప్పుడు నువ్వొచ్చావు. నీకేమీ తెలీదు. ఇన్ని నెలలుగా నువ్వొక్కదానివే ఆయన్ని మనిషిలా చూసి ఆడావు. ఆ రోజు పన్నెండు–సున్నా అయ్యేసరికి పొంగిపోయాడు పిచ్చివాడు! ఫానీ ముందు మోకాళ్ళెయ్యడానికి పాంటు కూడా దులుపుకున్నాడు, చూళ్ళేదా నువ్వు?"

చూశాను. చూసి ఇంకోటి అనుకున్నాను.

సిగ్గుతో చితికిపోయాను. మార్నీ నన్ను మెట్లమీద పట్టుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అచ్చం అదే పని నేను ఆయనకి చేసి, పైగా నవ్వుతూ వెళ్ళి నిలబడ్డాను. ఒదెత్ వంటింట్లో ఏడ్చాను. ఒదెత్ కూడా ఏడ్చింది, నాకంటే పెద్ద గొంతుతో. టెస్ లోపలికి వచ్చి ఇద్దరికీ తలో చాక్లెట్ ముక్క ఇచ్చింది.

ఏప్రిల్ 12, శనివారం

ఆపిల్ ముక్కలు కూరి కాల్చే మా ఊరి పిండివంట, 'ఆపిల్ పై', చేసి పట్టుకెళ్ళాను. లూసియెన్ తలుపు తీసి, నా చేతిలో పళ్ళెం వంక చూసి, "ఇది కూడా జాలేనా?" అన్నాడు.

"కాదు, ఆపిల్."

తలుపేశాడు. మెట్లమీద కూర్చుని సగం నేనే తిన్నాను. మాడింది కూడా. ఆయన అదృష్టవంతుడు.

మే 6

ఒదెత్ ఇంటి పై గది ఖాళీ అయింది. చూసిపొమ్మంది. వెళ్ళాను, ఊరికే. కిటికీలోంచి ఆట స్థలం మొత్తం కనిపిస్తుంది. గోడలు తెల్లవి. బాగుందన్నాను. అంతే అన్నాను.

మే 20

ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాం, ఒదెత్, నేను. విదేశీయులు ఇంకో ఏడాది ఉండాలంటే ఏమేం కావాలో కనుక్కోవడానికి. ఒదెత్‌కి తెలుసుకోవాలని కుతూహలమట. ఒదెత్ పుట్టింది ఈ ఊళ్ళోనే.

నా ఫోటో కూడా తీయించుకున్నాను. ఎలాగూ వెళ్ళాం కదా అని.

జూన్ 11, బుధవారం

ఇవాళ నేనొక ఘనకార్యం చేశాను!

లూసియెన్ మళ్ళీ క్లబ్బుకి వస్తున్నాడు, కానీ నేనున్న వైపు చూడడు, ఆడడు, బెంచీ మీద పేపరు చదువుతాడు. మర్యాదగా చెబితే వినడని ఆపిల్ పై నాడే తేలిపోయింది. కనుక మర్యాద మానేశాను. స్థలం మధ్యలో నిలబడి, నాకు వచ్చిన ఫ్రెంచి మొత్తం పోగేసి, ఒదెత్ గొంతు అరువు తెచ్చుకున్నట్టు అరిచాను.

"లూసియెన్ మొరాన్! మీరు ముసలాళ్ళయిపోయారు! అందుకే పేపరు వెనక దాక్కుంటున్నారు!"

ఆడేవాళ్ళు చేతుల్లో గుండ్లు చేతుల్లోనే పెట్టుకుని బిగుసుకుపోయారు. గుండె ఆపరేషన్ అయిన మనిషిని అలా అనేవాళ్ళెవరూ ఆ గుట్ట మీద లేరు.

పేపరు మెల్లిగా కిందికి దిగింది. "ఏమన్నారు?"

"చెవుడు కూడా వచ్చిందా?"

లేచాడు. నా దగ్గరికి నడిచి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. నేను మాత్రం వెనక్కి తగ్గలేదు. 

"ఈసారి ఎడమకి విసురుతారా?"

"విసరను. మిమ్మల్ని ఫానీ దగ్గరికి మెడ పట్టుకుని తీసుకెళ్తాను."

ముందరి పళ్ళ మధ్య సందు కనపడింది. "నా చెయ్యి తుప్పు పట్టింది. సాధన చెయ్యాలి. జూలై రెండున రండి" అన్నాడు.

ఆదివారం ఆరో తారీకున మా విమానం. ఆ సంగతి ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం అనలేదు.

ఇంటికి వస్తూ దారంతా గంతులే. టెస్ కాదు, నేను.

జూన్ 24

మార్నీ పెట్టెలు సర్దుతోంది. నా బట్టలు ఏ పెట్టెలో పెట్టాలని అడిగింది. తర్వాత చూద్దామన్నాను. ఒమాహా గది గోడల ఫోటో చూపించింది. పసుపు. "చాలా బాగుందే" అన్నాను. ఎంత పిరికిదాన్ని!

జూలై 2, బుధవారం

అందరూ వచ్చారు. మార్నీ, టాడ్ కూడా. ఊరికి వీడ్కోలు అన్నట్టు మార్నీ మంచి గౌను వేసుకుంది. నేను ఎర్ర లిప్‌స్టిక్ వేసుకున్నాను. పెదాలు పగలలేదు.

లూసియెన్ నిజంగానే సాధన చేశాడు. చెయ్యి వణుకు పోలేదు గానీ వణుకుతూనే గురి చూస్తున్నాడు. రెండు సార్లు చెక్క ఉండని రాసుకుంటూ పోయింది ఆయన గుండు. కానీ నేనూ ఊరుకోలేదు. నాలుగు–సున్నా. ఎనిమిది–సున్నా. ఆయన గుండు దగ్గరికి వస్తే దాన్ని కొట్టి అవతలికి తోశాను.  పదకొండు. పన్నెండు.

మార్నీ నా వెనక్కి వచ్చి చెవిలో గుసగుసలాడింది. "అమ్మా, పాపం, ఒక్కటి వదిలెయ్యవే. ఆయనకి గుండె ఆపరేషన్ అయిందట. ఒదెత్ చెప్పింది."

"పక్కకి జరుగు మార్నీ."

"ఒక్కటే అమ్మా!"

"జరుగు."

లూసియెన్ నా వంక చూస్తున్నాడు. గుడ్డ పక్కన పడేశాడు. గుండుని తుడవడం లేదు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, చూద్దాం అన్నట్టు నిలబడ్డాడు. నాకు ఆయనంటే ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది. అప్పుడు తెలియడమేమిటి, అక్టోబర్ నుంచీ తెలుసు. ఇక్కడ రాసుకోలేదంతే.

తిన్నగా విసిరాను.

పదమూడు–సున్నా.

గంట మోగింది. ఒదెత్ అల్మారా తెరిచింది. లూసియెన్ పాంటు దులుపుకుని, పెళ్ళికొడుకులా నడిచి వెళ్ళి, ఒక మోకాలు, తర్వాత రెండోది వేసి, ఫానీకి ముద్దు పెట్టాడు. వీధి చివరికి వినపడేంత ముద్దు. జనం ఈలలు, కేకలు. ఒకరిద్దరు ఏడుస్తున్నారు కూడా. ఏడాదిగా ఆయనకి పాయింట్లు వదిలేసినవాళ్ళే. టాడ్ ఫోటోలు తీస్తూ తన వేలినే తీశాడు.

లేవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మార్నీ ముందుకి అడుగేసింది. ఒదెత్ దాని గౌను వెనక నుంచి పట్టుకుని ఆపింది. ఎవరూ కదల్లేదు. ఆయన గోడ పట్టుకుని, ఒక తిట్టు తిట్టి, లేచి, నా ముందుకొచ్చాడు. మొహమంతా నవ్వు.

"వచ్చే బుధవారం నా వంతు" అన్నాడు. "మోకాళ్ళకి నూనె రాసుకుని రండి."

"వస్తాను" అన్నాను.

మార్నీ నా భుజం తట్టింది, పొరపాటు దిద్దుతున్నట్టు. "అమ్మా, వచ్చే బుధవారానికి మనం ఒమాహాలో ఉంటాం."

"మీరుంటారు."

జూలై 3, గురువారం

నిన్న రాత్రి గది సంగతీ, కాగితాల సంగతీ చెబితే మార్నీ టపటపా పెట్టెలు మూసేసి వెళ్ళి పడుకుంది. ఇవాళ పొద్దున్న కాఫీ దగ్గర పేలిపోయింది.

"నీకు బుద్ధుందా? డెబ్భై ఒకటేళ్ళకి, భాష సరిగ్గా రాని ఊళ్ళో, ఎవరో ముసలాయన కోసం! గది చూసుకున్నావా? కాగితాలు కూడా పెట్టేశావా? నాకు ఒక్క ముక్క చెప్పకుండా?"

"చెప్పడానికి భయమేసింది."

"నేనంటే భయమా? నేనేం చేశాను నిన్ను? నీకోసం గది బాగుచేయించాను!"

"పసుపంటే నాకు పడదే."

"చెప్పొచ్చుగా!" అని కప్పు బల్లకేసి కొట్టింది. కాఫీ అంతా చిందింది. "తెల్లది వేయించేదాన్నిగా! ఆ గది నీకోసం అనుకున్నావా నువ్వు? నాకోసం! నాన్న పోయాక నేనొక్కదాన్నే ఆ ఊళ్ళో తిరగలేకపోతున్నాను. నువ్వు కింద ఉన్నావని తెలిస్తే రాత్రి నిద్రపడుతుందని. నువ్వు పడిపోతావని కాదు నేను పట్టుకునేది."

ఇది నాకు తెలియదు. ఇన్నాళ్ళూ మెట్లమీద ఎవరు ఎవర్ని పట్టుకున్నారో నేను తప్పుగా అర్థం చేసుకున్నాను.  వెళ్ళి దాన్ని దగ్గరికి తీసుకున్నాను. చిన్నప్పటిలా నా మెడలో మొహం పెట్టుకుని ఏడ్చింది, ముక్కు కూడా నా చొక్కాకే తుడుచుకుంది.

వెళ్ళిపోదామని ఆ క్షణంలో అనిపించింది. నిజంగా అనిపించింది. పెట్టె ఎక్కడుందని అడగబోయాను కూడా. కానీ అలా వెళ్తే అది ఎడమకి విసిరినట్టే, దానికీ తెలిసిపోతుంది. రేపు కాకపోతే ఎల్లుండి.

"నేను రాను మార్నీ" అన్నాను. "నువ్వంటే నాకు ప్రాణం. అయినా రాను."

"కోపంగా ఉంది నాకు నీ మీద."

"ఉండనీ."

"చాలా కోపంగా ఉంది."

"ఉండనీ అన్నానుగా. అరిచెయ్."

అరిచింది. పక్కింటివాళ్ళు గోడ తట్టారు. హార్లన్ పోయాక అది నా మీద గొంతెత్తడం ఇదే మొదటిసారి. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. మధ్యలో టాడ్ వచ్చి గుమ్మంలో నిలబడి, పరిస్థితి చూసి, వచ్చినంత మెల్లిగా వెళ్ళిపోయాడు.

జూలై 6, ఆదివారం

స్టేషన్‌కి వెళ్ళి విమానాశ్రయానికి పోయే రైలు ఎక్కించి వచ్చాను. టెస్ నా నడుం వదల్లేదు. లూసియెన్‌కి అనకూడని మాట ఒకటి నేర్పి వెళ్ళింది, ఇంగ్లీషులో. మార్నీ ముద్దు పెట్టుకుంది గానీ, "ఇంకా కోపంగానే ఉన్నాను" అంది. రైలు కదిలాక కూడా అద్దంలోంచి వేలు చూపించి బెదిరించింది.

ఇల్లు ఖాళీ. తాళాలు ఇచ్చేసి ఒదెత్ పై గదికి వచ్చేశాను. మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఆకలేసింది.

జూలై 9, బుధవారం

పదమూడు–సున్నా! ఈసారి నేను!

కనికరం లేని మనిషి. పన్నెండు దగ్గర బతిమాలుదామని చూశాను, అటు తిరిగి ఈల వేశాడు. గంట కొట్టారు. మోకాళ్ళేశాను. ఫానీని దగ్గరగా చూస్తే రంగు పెచ్చులూడింది, అయినా ఠీవిగానే ఉంది. ముద్దు పెట్టాను. ఊరంతా కేకలు. లేవడానికి నాకూ చాలాసేపు పట్టింది. లూసియెన్ చేతులు కట్టుకుని నిలబడి, "రేపటికి లేస్తారా?" అన్నాడు. ఎవరూ చెయ్యివ్వలేదు. నేనే లేచాను.

ఒదెత్ దాన్నంతా టెస్‌కి ఫోన్‌లో చూపిస్తోంది. ఒమాహాలో అప్పుడే తెల్లవారిందట. టెస్ కిచకిచలు వినపడుతున్నాయి. ఇంతలో ఫోన్ మార్నీ లాక్కుంది. తెర నిండా దాని మొహం, నిద్ర కళ్ళు, చెదిరిన జుట్టు. "అమ్మా, మోకాళ్ళకి ఏమైనా..." అని మొదలుపెట్టి, ఆగింది. 

"బాగా అయింది నీకు!" అంది. అని పకపకా నవ్వింది.